పోకర్ నగదు ఆటలలో బలమైన ఆరంభ ముక్కలు

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో ప్రతి ఆటగాడికి మొదట రెండు పేకముక్కలు విడిగా, ఇతరులకు కనబడకుండా పంచుతారు. వీటిని ఆరంభ ముక్కలు అంటారు. వీటిలో ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు కలయిక అత్యంత బలమైనవిగా పరిగణింపబడుతున్నాయి. జాకీల జతను కూడా కొందరు ఈ వర్గములోనే చేరుస్తారు. బల్ల మీద మూడు ఉమ్మడి ముక్కలు తెరవడాన్ని ఫ్లాప్ అని, దానికి ముందు జరిగే పందెపు విడతను ప్రీఫ్లాప్ అని వ్యవహరిస్తారు. నగదు ఆటలలో ఈ ముక్కలు వచ్చినపుడు ప్రీఫ్లాప్ విడతలోనే పందెము పెంచడం సాధారణ నియమము. ఈ నియమము ఎందుకు ఏర్పడినది, ఎక్కడ వర్తించదు అనే విషయాలు ఈ వ్యాసములో ఉన్నవి.

ఆట క్రమము

హోల్డెమ్ ఆటకు జోకర్లు లేని 52 ముక్కల పేక కట్టను వాడతారు. బల్ల చుట్టూ సాధారణంగా ఆరుగురు గాని, తొమ్మిదిమంది గాని కూర్చుంటారు. పంపకము ఎవరి వంతో తెలిపే బిళ్ళను డీలర్ బటన్ అంటారు. బటన్‌కు ఎడమవైపు ఉన్న మొదటి ఆటగాడు చిన్న బ్లైండ్‌ను, రెండవ ఆటగాడు పెద్ద బ్లైండ్‌ను ముక్కలు చూడక ముందే కట్టవలెను. తెలుగువారికి పరిచయమైన మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటము. హోల్డెమ్‌లో ఈ మాటకు అర్థము వేరు. ఇక్కడ అది తప్పనిసరిగా కట్టవలసిన ఆరంభ పందెము మాత్రమే. దానిని కట్టినవారు కూడా తరువాత తమ ముక్కలు చూసుకొనే ఆడతారు.

పెద్ద బ్లైండ్ తరువాత కూర్చున్న ఆటగాడితో ప్రీఫ్లాప్ విడత మొదలగును. ప్రతి ఒక్కరూ తమ వంతులో ముక్కలు పడేయవచ్చు, అప్పటికి ఉన్న పందెముతో సమానముగా కట్టవచ్చు, లేదా పందెము పెంచవచ్చు. వీటినే వరుసగా ఫోల్డ్, కాల్, రెయిజ్ అంటారు. ఎవరూ పెంచకముందే పెద్ద బ్లైండ్‌కు సమానముగా మాత్రమే కట్టి ఆటలోకి రావడాన్ని లింప్ అంటారు. ఒకరు పెంచిన పందెమును మరొకరు ఇంకా పెంచితే అది రీ-రెయిజ్. ఈ విడత ముగిసిన తరువాత ఫ్లాప్‌లో మూడు, టర్న్‌లో ఒకటి, రివర్‌లో ఒకటి చొప్పున మొత్తము ఐదు ఉమ్మడి ముక్కలు తెరుస్తారు. ప్రతి దశలోనూ ఒక పందెపు విడత ఉంటుంది. చివరకు తన రెండు ముక్కలు, ఉమ్మడి ఐదు ముక్కలు కలిపి ఏడింటిలో ఉత్తమమైన ఐదింటితో ఎవరి చేయి పెద్దదో వారు బల్ల మధ్య చేరిన సొమ్మును గెలుచుకుంటారు. ఈ సొమ్మును పాట్ అంటారు. మిగిలినవారందరూ ముక్కలు పడేస్తే చివరి వరకు మిగిలిన ఒక్కరు ముక్కలు చూపకుండానే పాట్‌ను తీసుకోవచ్చు.

నగదు ఆటల ప్రత్యేకత

పోటీ ఆటలలో, అనగా టోర్నమెంట్లలో, అందరూ ఒకే రుసుము కట్టి సమానమైన చిప్స్‌తో మొదలుపెడతారు. బ్లైండ్లు గడియారము ప్రకారము పెరుగుతూ ఉంటాయి. చిప్స్ అయిపోయినవారు వెళ్ళిపోవలెను. అందువలన అక్కడ చిప్స్ గెలవడము కన్న బల్ల మీద నిలిచి ఉండటమే ఒక్కొక్కసారి ముఖ్యమవుతుంది. నగదు ఆటలో ఈ చిక్కు లేదు. ప్రతి చిప్‌కు స్థిరమైన డబ్బు విలువ ఉంటుంది, బ్లైండ్లు మారవు, పోయినవారు మరల కొనుక్కొని కూర్చోవచ్చు, ఎవరైనా ఎపుడైనా లేచిపోవచ్చు. ఆట మధ్యలో మాత్రము జేబులోనుండి డబ్బు తీసి కలపడానికి వీలులేదు. ముక్కలు పంచే సమయానికి బల్ల మీద ఉన్నంతవరకే పందెము సాగుతుంది.

నగదు ఆటలో చాలామంది పెద్ద బ్లైండ్‌కు 100 రెట్ల చిప్స్‌తో కూర్చుంటారు. ఈ వ్యాసములోని ఉదాహరణలలో చిన్న బ్లైండ్ 1 చిప్, పెద్ద బ్లైండ్ 2 చిప్స్, ప్రతి ఆటగాడి వద్ద 200 చిప్స్ ఉన్నట్లు భావించవలెను. 2 చిప్స్ పందెపు ఆటలో బల్ల మీద 200 ఉండటమే ఈ విషయమంతటికీ మూలము. ప్రీఫ్లాప్‌లో తీసుకునే నిర్ణయము ఆ 200లో ఎంత భాగము, ఏ దశలో, ఎవరిమీద పందెములోకి వస్తుందో నిర్ణయిస్తుంది.

ఎంత అరుదుగా వస్తాయి

52 ముక్కలలోనుండి రెండింటిని 1,326 విధాలుగా పంచవచ్చు. గుర్తులలోని భేదాన్ని పక్కన పెట్టి, రెండు ముక్కలూ ఒకే గుర్తువా కాదా అని మాత్రము చూస్తే ఇవి 169 రకాలగును. అందులో 13 జతలు, 78 ఒకే గుర్తువి, 78 వేర్వేరు గుర్తులవి. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అనే నాలుగు ఆసులతో ఆసుల జత 6 విధాలుగా ఏర్పడుతుంది. ఏ ఇతర జతకైనా లెక్క ఇదే. ఆసు-రాజు కలయిక ఒకే గుర్తుతో 4 విధాలుగా, వేర్వేరు గుర్తులతో 12 విధాలుగా ఏర్పడుతుంది.

కనుక ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడే బల్ల మీద గంటకు సుమారు 30 పంపకాలు జరుగుతాయనుకుంటే, ఒక ఆసుల జత కొరకు ఏడు గంటలకు పైగా వేచి ఉండవలెను. ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు అన్నీ కలిపినా 1,326లో 34 మాత్రమే. అనగా సుమారు 39 పంపకాలకు ఒకటి.

ఈ నిరీక్షణ ఉచితము కాదు. రమ్మీలో ముక్కలు చూసి మొదట్లోనే డ్రాప్ అయినా కొన్ని పాయింట్లు పడతాయి. హోల్డెమ్‌లో బ్లైండ్ కట్టనివారు ముక్కలు పడేస్తే ఏమీ పోదు. అయితే తొమ్మిదిమంది బల్ల మీద ప్రతి చుట్టుకు ఒకసారి రెండు బ్లైండ్లూ, అనగా 3 చిప్స్, కట్టక తప్పదు. 221 పంపకాలకు సుమారు ఇరవై నాలుగున్నర చుట్లు పూర్తవుతాయి, ఆ లోపల 73 చిప్స్‌కు పైగా బ్లైండ్లకే పోతాయి. పైన చెప్పిన 34 కలయికలు తప్ప మరేవీ ఆడని వ్యక్తి ఒక్కొక్కదానితో సగటున 13 చిప్స్ సంపాదిస్తే గాని బ్లైండ్ల ఖర్చు పూడదు. ఆసులు వచ్చినపుడు అందరూ పడేసి 3 చిప్స్ మాత్రము దక్కితే ఆ నిరీక్షణకు ఫలితము లేనట్లే. అందుచేత బలమైన ముక్కలు వచ్చినపుడు గెలవడము ఒక్కటే చాలదు, తగినంత పెద్ద పాట్‌ను గెలవవలెను. మంచి ముక్కల కొరకు రోజంతా ఓపికగా కూర్చుని, వచ్చిన తరువాత భయపడి చిన్నగా ఆడేవారు నష్టపోవడానికి కారణము ఇదే.

ప్రత్యర్థుల సంఖ్య - ఒక అపోహ

ఆసుల జతను చివరివరకు ఆడితే ఒక్క ప్రత్యర్థి యొక్క ఏవైనా రెండు ముక్కల మీద సుమారు 85 శాతము సార్లు గెలుస్తుంది. ప్రత్యర్థులు ఇద్దరైతే 73 శాతము, ముగ్గురైతే 64 శాతము, ఐదుగురైతే 49 శాతము, ఎనిమిదిమంది అయితే 35 శాతము. ఈ అంకెలు చూసి ఆసులతో పందెము పెంచడము ప్రత్యర్థులను తరిమివేయడానికే అని చాలామంది భావిస్తారు. ఈ అభిప్రాయము సగమే నిజము.

ప్రతి ఒక్కరూ ఫ్లాప్‌కు ముందే 100 చిప్స్ చొప్పున పూర్తిగా కట్టి, తరువాత పందెములేవీ లేవని అనుకుందాము. ఒక్క ప్రత్యర్థి ఉన్నపుడు పాట్ 200. అందులో 85 శాతము అంటే 170, తన 100 పోగా లాభము 70. ముగ్గురు ప్రత్యర్థులున్నపుడు పాట్ 400, అందులో 64 శాతము 256, లాభము 156. ఐదుగురు ఉంటే లాభము సుమారు 195. ఎక్కువమంది ఉన్నకొద్దీ గెలిచే సార్లు తగ్గుతున్నవి గాని సగటు లాభము పెరుగుతున్నది. డబ్బంతా లోపలికి వచ్చేసిన తరువాత జనము ఎక్కువైనందువలన ఆసులకు నష్టమేమీ లేదు.

కష్టమంతా డబ్బు ఇంకా బల్ల మీద మిగిలి ఉన్నపుడే వస్తుంది. 2 చిప్స్ చొప్పున ఐదుగురు లింప్ చేసి ఫ్లాప్ చూస్తే పాట్‌లో 10 ఉంటాయి, ఒక్కొక్కరి ముందు 198 మిగులుతాయి. ఇపుడు ఆసులున్న వ్యక్తికి గెలిచే సొమ్ము స్వల్పము, పోగొట్టుకోగలిగినది దానికి ఇరవై రెట్లు. బ్లైండ్‌లో ఉచితముగా ఫ్లాప్ చూసిన 7-4 వంటి ముక్కలకు రెండు జతలు కుదిరితే ఆ సంగతి ముందుగా పసిగట్టే ఆధారమేదీ ఉండదు. ఎదుటివారు తమ చేయి కుదిరినపుడే పెద్ద పందెము కడతారు, కుదరనపుడు పోయేది 2 చిప్స్ మాత్రమే. ఆసుల ఆధిక్యము ఫ్లాప్‌కు ముందు అత్యధికము, తరువాత ప్రతి ముక్కతోనూ అనిశ్చితి పెరుగుతుంది. ఆధిక్యము ఎక్కువగా ఉన్న విడతలో తక్కువ కట్టి, అది సందేహములో పడిన విడతలలో ఎక్కువ కట్టడము తలక్రిందుల వ్యవహారము.

పాట్, మిగిలిన చిప్స్ నిష్పత్తి

ఫ్లాప్ సమయానికి పాట్‌లో ఎంత ఉన్నది, ఆటగాళ్ళ ముందు ఇంకా ఎంత మిగిలినది అనే రెండింటి నిష్పత్తిని మ్యాట్ ఫ్లిన్, సన్నీ మెహతా, ఎడ్ మిల్లర్ 2007లో వెలువరించిన ప్రొఫెషనల్ నో-లిమిట్ హోల్డెమ్ అనే పుస్తకము విస్తృతముగా ప్రచారములోనికి తెచ్చినది. ఒక జతతో ఎంతవరకు పందెము కట్టవచ్చో తెలుసుకొనడానికి ఇది చక్కని కొలత.

పై లింప్ ఉదాహరణలో నిష్పత్తి సుమారు 20. అక్కడినుండి ఒక ప్రత్యర్థి మీద మూడు విడతలలోనూ పాట్‌కు సమానమైన పందెము కట్టినా 10, 30, 90 చొప్పున 130 చిప్స్ మాత్రమే లోపలికి వెళతాయి. అన్నింటికీ కాల్ వచ్చినా 68 చిప్స్ మిగిలే ఉంటాయి. అదే ఒకరు 6కు పెంచి, ఇంకొక ఆటగాడు, పెద్ద బ్లైండ్ కాల్ చేసి, చిన్న బ్లైండ్ ముక్కలు పడేస్తే పాట్ 19, మిగిలినవి 194, నిష్పత్తి సుమారు 10. ఒకరు 6కు పెంచగా మరొకరు 20కు రీ-రెయిజ్ చేసి, మొదటివారు కాల్ చేస్తే బ్లైండ్లతో కలిపి పాట్ 43, మిగిలినవి 180, నిష్పత్తి సుమారు 4. ఇక్కడినుండి రెండు విడతలలోనే 43, 129 చొప్పున దాదాపు డబ్బంతా లోపలికి చేరుతుంది. ఫ్లాప్ మీద పెద్ద ముక్కలు పడని పక్షములో ఆసులు, రాజులు ఉన్నవారు ఈ స్థితిలో పెద్దగా ఆలోచించవలసిన పని ఉండదు.

చిన్న జతలతో ఆడే ప్రత్యర్థుల దృష్టితో చూస్తే ఈ విషయము మరింత బోధపడుతుంది. 5-5 వంటి జతకు ఫ్లాప్‌లో మూడవ 5 పడే అవకాశము సుమారు 12 శాతము, అనగా ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. కుదిరినపుడు ఎదుటివారి చిప్స్ అన్నీ ప్రతిసారీ రావు గనుక, కట్టిన కాల్‌కు పది, పదిహేను రెట్ల సొమ్ము వెనుక ఉంటే గాని ఈ ప్రయత్నము గిట్టదని ఆటగాళ్ళు లెక్క వేస్తారు. 6 చిప్స్ కట్టి 194 మీద ఆశ పెట్టుకోవడము వారికి లాభసాటి బేరము. 20 కట్టి 180 మీద ఆశ పెట్టుకుంటే తొమ్మిది రెట్లు మాత్రమే, బేరము చెడినట్లే. బలమైన ముక్కలున్నవారు ప్రీఫ్లాప్‌లో చేసే రీ-రెయిజ్ ప్రత్యర్థులకు ఈ విధముగా ధర పెంచుతుంది.

పందెము పరిమాణము

ఎవరూ రానపుడు మొదటి రెయిజ్ పెద్ద బ్లైండ్‌కు రెండున్నర నుండి మూడు రెట్లు ఉండటము వాడుక. ముందు లింప్ చేసినవారు ఉంటే ఒక్కొక్కరికి ఒక పెద్ద బ్లైండ్ చొప్పున కలుపుతారు. ఉదాహరణకు ఇద్దరు లింప్ చేసిన తరువాత 10 చిప్స్. రీ-రెయిజ్ సాధారణంగా ముందటి రెయిజ్‌కు మూడు రెట్లు. బ్లైండ్లలో కూర్చున్నవారు ఫ్లాప్ తరువాత ముందుగా ఆడవలసి వస్తుంది గనుక నాలుగు రెట్లకు దగ్గరగా పెంచుతారు. కాల్ చేయడానికి వెనుకాడని ఆటగాళ్ళున్న బల్లల మీద ఇంతకంటే పెద్ద పరిమాణాలే వాడుకలో ఉన్నవి.

పరిమాణము ఎంతైనా, అదే స్థానములో ఆడే అన్ని ముక్కలకూ ఒకే పరిమాణము వాడటము ముఖ్యము. ఆసులు వచ్చినపుడు 12కు, ఇతర సమయాలలో 6కు పెంచే వ్యక్తి తన ముక్కలను బల్ల మీద తెరచి పెట్టినట్లే లెక్క. ఇదే కారణము చేత బలమైన ముక్కలతో మాత్రమే రీ-రెయిజ్ చేసేవారికి క్రమేపీ కాల్స్ రావడము ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా ఒకే గుర్తు గల ఆసు-5 వంటి ముక్కలతో కూడా అపుడపుడు రీ-రెయిజ్ చేయడము ఆధునిక పద్ధతి. చేతిలో ఒక ఆసు ఉంటే ప్రత్యర్థి వద్ద ఆసుల జత ఉండగల విధాలు 6 నుండి 3కు, ఆసు-రాజు ఉండగల విధాలు 16 నుండి 12కు తగ్గుతాయి. అందుచేత ఎదురు దెబ్బ తగిలే అవకాశము తక్కువ.

నగదు ఆటలకు మాత్రమే సంబంధించిన మరొక అంశము నిర్వాహకులు ప్రతి పాట్‌నుండి తీసుకునే కోత. దీనిని రేక్ అంటారు. అనేక క్యాసినోలలో ఫ్లాప్ తెరవకుండా ముగిసిన ఆటకు రేక్ తీసుకోరు. రీ-రెయిజ్ చేయగా అందరూ పడేస్తే వచ్చిన సొమ్ము చిన్నదైనా కోత లేకుండా వస్తుంది. ఊరికే కాల్ చేస్తూ చిన్న పాట్‌లు ఆడేవారి మీదనే ఈ కోత భారము ఎక్కువగా పడుతుంది.

ముక్కల వారీగా

ఆసుల జతకు ప్రీఫ్లాప్‌లో భయపడవలసిన ముక్కలు లేవు. రాజుల జత మీద కూడా దాదాపు 82 శాతము, వేర్వేరు గుర్తుల ఆసు-రాజు మీద 93 శాతము గెలుస్తుంది. దీనితో ఎంత పందెమైనా ఫ్లాప్‌కు ముందు కట్టవచ్చు. ఎదురయ్యే ప్రమాదము ఫ్లాప్ తరువాతే, అదీ బల్ల మీద 100 పెద్ద బ్లైండ్లకు బదులు 200, 300 ఉన్నపుడే. అంత లోతైన ఆటలో సాధారణముగా జాగ్రత్తగా ఆడే ప్రత్యర్థి రివర్ మీద సర్వమూ ఒడ్డినాడంటే ఒట్టి ఒక జత చాలకపోవచ్చు.

రాజుల జత ఉన్నపుడు ఒక నిర్దిష్ట ప్రత్యర్థి వద్ద ఆసుల జత ఉండే అవకాశము 1,225లో 6, అనగా అర శాతము లోపే. తొమ్మిదిమంది బల్ల మీద మిగిలిన ఎనిమిదిమందిలో ఎవరో ఒకరి వద్ద ఉండే అవకాశము సుమారు 4 శాతము. ఎదుటివారు ఆసులు, రాణులు, ఆసు-రాజు ఈ మూడింటితోనే డబ్బంతా ఒడ్డుతారనుకున్నా రాజులు వాటి మీద సగటున 57 శాతము గెలుస్తాయి. అందుచేత 100 పెద్ద బ్లైండ్ల ఆటలో రాజులను ఫ్లాప్‌కు ముందు పడేయడము మామూలుగా తప్పే. ఎదుట ఆసులు కనబడిన ఒక్క సందర్భము మనసులో నాటుకొని, తరువాత పదిసార్లు భయపడేవారు ఎక్కువ నష్టపోతారు. ఫ్లాప్ మీద ఆసు పడే అవకాశము 22.5 శాతము ఉన్నది. ఆ భయము తగ్గాలంటే ఆసు-8 వంటి ముక్కలు ఉన్నవారు ఫ్లాప్ చూడకుండా ముందే పడేసేలా ధర పెంచవలెను.

రాణుల జత దగ్గర లెక్క మారుతుంది. ప్రత్యర్థి వద్ద ఆసులు, రాజులు, ఆసు-రాజు మాత్రమే ఉండవచ్చునని అనుకుంటే 28 విధాలలో 12 రాణులను మించిన జతలు, మిగిలిన 16 ఆసు-రాజులు. వీటన్నింటి మీద రాణులు గెలిచేది సుమారు 40 శాతము. అందువలన రాణులతో మొదటి రెయిజ్, రీ-రెయిజ్ చేయడములో సందేహము లేదు గాని, చాలా పొదుపుగా ఆడే వ్యక్తి దాని మీద మరల పెద్దగా పెంచితే ఆగి ఆలోచించవలెను. దూకుడుగా ఆడేవారి మీద ఇవే రాణులు సర్వమూ ఒడ్డదగినవి. ఒకే ముక్కలకు రెండు జవాబులు ఉండటము పుస్తకము చూసి నేర్చుకునేవారికి మింగుడు పడదు గాని, నగదు ఆటలో ఒకే ప్రత్యర్థులతో గంటల తరబడి కూర్చునే అవకాశము ఉన్నది కనుక ఎవరెలా ఆడతారో గమనించడానికి సమయము దొరుకుతుంది.

జాకీల జతకు ఫ్లాప్‌లో కనీసము ఒక రాణి, రాజు లేదా ఆసు పడే అవకాశము 57 శాతము. రాణుల జతకు రాజు లేదా ఆసు పడే అవకాశము 41 శాతము. ఈ తేడా వలననే జాకీలను బలమైన వర్గములో చేర్చాలా వద్దా అనే వాదన ఉన్నది.

ఆసు-రాజు మిగిలిన వాటివంటిది కాదు. అది ఇంకా కుదరని చేయి. ఫ్లాప్‌లో ఆసు గాని రాజు గాని పడి జత కుదిరేది మూడుసార్లలో ఒకసారి మాత్రమే. రాణుల జత మీద ఆసు-రాజు వేర్వేరు గుర్తులైతే 43 శాతము, ఒకే గుర్తైతే 46 శాతము గెలుస్తుంది. అయినా దీనిని బలమైనదిగా లెక్కించడానికి రెండు కారణాలున్నవి. మొదటిది, ఆసు-రాణి వంటి ముక్కల మీద అది సుమారు 74 శాతము గెలుస్తుంది. రెండవది, ఒక ఆసు, ఒక రాజు తన చేతిలోనే ఉన్నందున ప్రత్యర్థి వద్ద ఆసుల జత, రాజుల జత ఉండగల విధాలు సగానికి తగ్గుతాయి. తానే పెంచి ఎదుటివారిని పడేయించగలిగినపుడు ఆసు-రాజు విలువ అత్యధికము. ఎదుటివారి పెద్ద పందెమును కాల్ చేసి ఐదు ముక్కలూ చూడవలసి వచ్చినపుడు దాని విలువ అంతకన్న తక్కువ. అందుకే దీనిని కాల్ చేసే చేయిగా గాక పెంచే చేయిగా పరిగణిస్తారు.

దాచి ఆడటము

బలమైన ముక్కలున్నవారు లింప్ చేసి, వెనుక ఎవరైనా పెంచితే అపుడు రీ-రెయిజ్ చేయడము పాత ఎత్తు. వెనుక కూర్చున్న వ్యక్తి ప్రతిసారీ పెంచే అలవాటు ఉన్నవాడైతే ఇది పని చేస్తుంది. ఎవరూ పెంచకపోతే మాత్రము పైన చెప్పిన 10 చిప్స్ పాట్, ఐదుగురి మధ్య ఆసులు అనే దుస్థితి ఏర్పడుతుంది. పైగా, లింప్ చేసి రీ-రెయిజ్ చేసినవారి వద్ద ఆసులో రాజులో ఉన్నాయని కొంత అనుభవము ఉన్న ప్రతివారూ గ్రహిస్తారు.

రెయిజ్ చేసిన తరువాత ఎదుటివారు రీ-రెయిజ్ చేస్తే ఆసులతో కేవలము కాల్ చేయడము వేరు సంగతి. అప్పటికే పాట్ పెద్దది, ప్రత్యర్థి ఒక్కడే. దూకుడు గల ఆటగాడు తరువాతి విడతలలో కూడా పందెము కడుతూ పోయే అవకాశము ఉన్నది. ఇక్కడ దాచడములో నష్టము స్వల్పము.

ఓటమి సంగతి

ఆసుల జత ఒక్క ప్రత్యర్థి మీద కూడా ఏడింట ఒకసారి ఓడిపోతుంది. రాజుల జత మీద ఓడేది ఐదారింట ఒకసారి. ఏడు గంటలు వేచి చూసి పొందిన ముక్కలు ఒక్క రివర్ ముక్కతో ఓడిపోయినపుడు కలిగే కోపములో వరుసగా తప్పుడు పందెములు కట్టడాన్ని పోకర్ పరిభాషలో టిల్ట్ అంటారు. ఆసులతో పోయిన 200 చిప్స్ కంటే ఆ తరువాతి గంటలో పోయేవి ఎక్కువ కావడము తరచుగా జరుగుతుంది. నగదు ఆటలో మరల చిప్స్ కొనుక్కునే సౌలభ్యము ఉండటము ఇక్కడ శాపమవుతుంది. టోర్నమెంటులో ఓడినవారిని నియమాలే ఇంటికి పంపుతాయి, నగదు ఆటలో ఎవరికి వారే లేవవలెను.

సిద్ధాంత చరిత్ర

హోల్డెమ్ 20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో పుట్టినది. ఆ రాష్ట్ర శాసనసభ 2007లో రాబ్స్‌టౌన్ పట్టణాన్ని ఈ ఆట జన్మస్థలముగా గుర్తించినది. 1967లో డాయల్ బ్రన్సన్, క్రాండెల్ యాడింగ్టన్ మొదలైన టెక్సస్ ఆటగాళ్ళు దీనిని లాస్ వేగాస్‌కు తీసుకొని వెళ్ళినారు.

ఆరంభ ముక్కలను క్రమపద్ధతిలో వర్గీకరించినవారిలో డేవిడ్ స్క్లాన్‌స్కీ ముఖ్యుడు. ఆయన వర్గీకరణలో మొదటి వర్గములో ఆసులు, రాజులు, రాణులు, జాకీల జతలు, ఒకే గుర్తు గల ఆసు-రాజు ఉన్నవి. వేర్వేరు గుర్తుల ఆసు-రాజు రెండవ వర్గములో ఉన్నది. ఈ పట్టిక పందెముల పరిమాణము ముందే నిర్ణయమై ఉండే లిమిట్ ఆటకు తయారైనది. ఎంతైనా ఒడ్డగలిగే నేటి నో-లిమిట్ నగదు ఆటకు దానిని యథాతథముగా వాడటము సరికాదు. నో-లిమిట్ ఆటలో దూకుడుగా పెంచే పద్ధతికి బ్రన్సన్ రచన సూపర్/సిస్టమ్ బాగా ప్రాచుర్యము కలిగించినది.

2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన తూమస్ శాండ్‌హోమ్, ఆ సమయములో ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న నోమ్ బ్రౌన్ రూపొందించిన ప్లూరిబస్ అనే కంప్యూటరు కార్యక్రమము ఆరుగురి నో-లిమిట్ హోల్డెమ్‌లో వృత్తి ఆటగాళ్ళను ఓడించినది. 12 రోజులలో 10,000 పంపకాలు ఆడించారు. ప్రతి పంపకానికి అందరి వద్దా పెద్ద బ్లైండ్‌కు 100 రెట్ల చిప్స్ ఉండేలా సరిచేసేవారు, అనగా ఇది నగదు ఆటకు దగ్గరి నమూనా. మనుషుల ఆటను చూపకుండా తనతో తానే ఆడుకొని నేర్చుకున్న ఈ కార్యక్రమము, చిన్న బ్లైండ్ స్థానములో తప్ప మరెక్కడా లింప్ చేయడము లాభదాయకము కాదనే నిర్ణయానికి వచ్చినది. పెంచి ఆడవలెనని ఆటగాళ్ళు అనుభవము మీద చెప్పుకుంటూ వచ్చిన నియమముతో ఇది ఏకీభవిస్తున్నది.

భారతదేశములో చట్టపరమైన స్థితి

పందెపు పేకాటలో నైపుణ్యము ఎంత, అదృష్టము ఎంత అనే వివాదములో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించినది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము, కె. సత్యనారాయణల మధ్య జరిగిన ఈ వ్యాజ్యములో 1967లో తీర్పు వెలువడినది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవడము, ముక్కలను నిలుపుకోవడము, వదలడము వంటి నేర్పు ప్రధానమని, మూడు ముక్కలాట వలె అది కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదని కోర్టు పేర్కొన్నది. పోకర్ విషయములో హైకోర్టుల అభిప్రాయాలు ఏకముగా లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో దానిని జూదముగానే పరిగణించినది.

తెలంగాణ 2017లో, ఆంధ్ర ప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము నైపుణ్యము, అదృష్టము అనే భేదము చూడకుండా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించినది. దీనితో డబ్బు పందెములతో పోకర్ నడుపుతున్న ప్రధాన భారతీయ సంస్థలు ఆ ఆటలను నిలిపివేసినవి. గోవాలోని అనుమతి పొందిన క్యాసినోలలో బల్ల మీద ఆడే పోకర్‌కు అక్కడి రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి.